రాక్షసి పల్లు

మొన్న తిరుపతిలో పళ్ళ డాక్టరు దగ్గర, వెనక్కి వాలిన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, మొహం మీదికి వంగిన తెల్ల లైటును చూస్తూ ఉన్నాను. కింది దవడలో చివరి పల్లు ఒకటి చాన్నాళ్ళుగా ప్రాణం తోడేస్తుంటే పీకించుకోవడానికి పోయాను. అదీ నాలాగే మొండిది, సగం ఊడి సగం లోపలే ఉండిపోయింది. "వేరు కోసి తీయాలి ఆంటీ, నొప్పేం ఉండదు" అంటూ ఆ పిల్ల డాక్టరమ్మ మిషను పెట్టింది. నొప్పి నిజంగానే లేదు కానీ వాసన వచ్చింది. తడిలో అరుగుతూ అరుగుతూ వేడెక్కిన పల్లు వాసన, కాలిన కొమ్ము, తడిసిన సుద్ద కలిసినట్టు. ఆ వాసన నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మిట్టమధ్యాహ్నం పూట, నీడలు కాళ్ళ కిందికి వచ్చే వేళకి, మా ఇంటి పెరటి పంచలో అవ్వ సానరాయి మీది నుంచి వచ్చేది. బయట బెంచీ మీద నాకు తోడుగా కూర్చున్న చెల్లెలు రాజేశ్వరికి కూడా ఆ వాసన తగిలిందేమో, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయిందని తర్వాత నర్సు చెప్పింది.

మా ఊరు తిరుపతికి తూర్పున, స్వర్ణముఖి ఒడ్డున. మాకు మాత్రం అది ఉత్త ఏరు, అంత పెద్ద పేరు పెట్టి పిలిచిన వాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. నేను చెప్పేది ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి ఏళ్ళ మాట. చలికాలమంతా చెరుకు ఆడే గానుగల దగ్గర బెల్లం పొయ్యిల పొగ ఊరి మీద తియ్యగా కప్పుకుని ఉండేది. చెనక్కాయలు పీకే రోజుల్లో పచ్చికాయలు ఉడికే ఆవిరి ప్రతి ఇంటి వాకిట్లోంచీ వచ్చేది. ఎండాకాలం వస్తే తాటిముంజలు, ఈతపళ్ళు, కొడవలితో చెక్కిన పుల్ల మామిడికాయకి ఉప్పూకారం, పొద్దున్నే రాగిసంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి, మధ్యాహ్నం కుండలో పులిసిన అంబలి, తాగినాక మూతి చుట్టూ మిగిలే తెల్లటి గీత. ఇంటి వెనక దడి దాటితే ఏరు. ఏరంటే నీళ్ళు కాదు, ఇసుక. వానలప్పుడు నాలుగు రోజులు ఎర్రగా పొంగి పోయేది, తక్కిన ఏడాదంతా ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా తెల్లటి ఇసుక పరుచుకుని పడుకునేది. ఆ ఇసుకకి ఒక పాడు గుణం ఉండేది, చప్పుడు మింగేసేది. ఎంత పెద్ద రాయి ఎత్తి విసిరినా పడిన చప్పుడు వచ్చేది కాదు. మధ్యాహ్నం పూట ఏట్లో నడుస్తుంటే మన అడుగులు మనకే వినపడవు, వెనక ఎవరైనా వస్తున్నా వినపడదు. అందుకే నేను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచేదాన్ని.

ఆ ఏట్లోనే దొరికింది పల్లు. మా తాత వయసులో ఉన్నప్పుడు, ఊరంతా కలిసి ఊటకాలువ పూడిక తీస్తుంటే పారకి తగిలిందట. ఊటకాలువంటే ఇసుక కిందుండే నీటిని పొలాలకి మళ్ళించుకోవడానికి ఏట్లోనే తవ్వుకునే కాలువ. తాత దాన్ని తువ్వాలులో కట్టుకుని ఇంటికి తెచ్చేటప్పటికి పెద్ద బెల్లం దిమ్మంత ఉండేదని అవ్వ చెప్పేది. బరువుకి బరువు, నలుపుకి నలుపు. పైభాగం మాత్రం వరసలు వరసలుగా, చెనక్కాయ చేలో సాళ్ళు తోలినట్టు, గట్టు పక్కన గట్టు. వేలు పెట్టి రాస్తే గరగరమనేది. రాక్షసి పల్లు అన్నారు ఊళ్ళో వాళ్ళు. ఏ రాక్షసి, ఎప్పటిది, ఎవరు చంపారు అని అడిగే తీరిక ఎవరికుంటుంది. అవ్వ దానికి పసుపు రాసి, సానరాయి పక్కన గూట్లో పెట్టింది.

పిల్లలు దేన్నయినా చూసి జడుసుకుంటే, జ్వరం తగిలి ఉలిక్కిపడుతూ ఉంటే, మా ఇంటికి ఎత్తుకొచ్చేవాళ్ళు. ఏటి ఇసుకలో గుంట తవ్వి తీసిన చెలమ నీళ్ళు చుక్క చుక్క వేస్తూ సాన మీద ఆ పల్లు అరగదీసి, బూడిద రంగు గంధం నుదుట ఒక బొట్టు, గొంతు గుంటలో ఒక బొట్టు పెట్టి, మిగిలింది పాలల్లో కలిపి తాగించేవాళ్ళు. ఊళ్ళో దాన్ని తాగకుండా పెరిగిన మనిషి లేడు. నేనూ తాగాను, రాజి నాకంటే ఎక్కువ సార్లు తాగింది, అది మొదటి నుంచీ పిరికిది. దీనికో పద్ధతి ఉండేది. అవ్వ దగ్గరుండి చెప్పేదే కానీ తన చేత్తో అరగదీసేది కాదు. చెవులు కుట్టించేటప్పుడు బిడ్డ ఎవరి ఒళ్ళో కూర్చుంటుందో ఆ మనిషే, అంటే మేనమామే, అరగదీయాలి. మేనమామ లేకపోతే తల్లి వైపు నుంచి ఆ వరస వాడు ఇంకొకడు రావాలి. "బిడ్డకి పట్టింది చిన్న బయం. అంతకంటే పెద్దది లోపలికి పోతే ఇది బయటికొస్తాది" అని అవ్వ వైద్యం. పసుపూ కుంకుమా తప్ప ఇంకేమీ తీసుకునేది కాదు. ఇంతకీ, నేను పుట్టి నాకు ఊహ తెలిసేసరికి బెల్లం దిమ్మ కాస్తా రెండు పిడికిళ్ళంత అయిపోయింది.

మా మేనమామ మునిరత్నం తిరుపతిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. దగ్గరికొస్తే ఫార్మలిన్ వాసన, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి నవ్వితే ఈయన మొహం చూడకుండా పళ్ళు లెక్కపెట్టుకున్నాడని, ఆ సంబంధం అందుకే తప్పిపోయిందని మా నాయన ఎగతాళి చేసేవాడు. రాజికి అంతకు ముందు జ్వరాలొచ్చినప్పుడు ఈయన ఊళ్ళో లేడు, మద్రాసులో చదువుకునేవాడు, వరసకి మామ అయ్యే ఇంకొకాయన అరగదీసి వెళ్ళేవాడు. అందుచేత ఉద్యోగమొచ్చిన తర్వాత ఒక ఆదివారం సంగటీ కోడికూరా తిందామని వచ్చినప్పుడే మామ ఆ పల్లుని మొదటిసారి చూశాడు. చూసి, పసుపు కడిగి, ఎండలోకి తీసుకుపోయి భూతద్దం పెట్టుకుని కూర్చుంటే కూర చల్లారిపోయింది.

"అత్తా, ఇది రాక్షసిది కాదు. ఏనుగుది. ఇప్పుడుండే ఏనుగు కాదు, అవి భూమ్మీద లేకుండా పోయి వేల ఏండ్లయింది" అన్నాడు అవ్వతో.

"ఏనుగైతే ఏనుగే లేప్పా. పిలకాయలకి జొరం తగ్గుతాండాది గదా" అంది అవ్వ.

ఆ రోజు నుంచి మామ వచ్చినప్పుడల్లా మాకు కథలు. కథలు అని మేము అనుకునేవాళ్ళం, ఆయన మాత్రం నిన్న జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. ఒడ్డున కానుగ నీడలో కూర్చుని, పుల్లతో ఇసుక మీద గీస్తూ, మన మిద్దె మీద నిలబడి చెయ్యి చాపినా వీపు అందని ఏనుగులు ఇదిగో ఈ దోవలోనే దిగేవి అనేవాడు. వాటి దంతాలు వంకర ఉండవట, తిన్నగా, బండి కాడిమాను కంటే పొడుగ్గా ముందుకు పొడుచుకుని ఉంటాయట. ఈ ఒడ్డు మీద గొర్రెలు మేసినట్టు అడవి ఎద్దులు మేసేవి, కొమ్ములు చాపితే వీధి పట్టేది కాదు. మడుగుల్లో నీటిగుర్రాలు పగలంతా కళ్ళూ ముక్కులూ మటుకు పైకి పెట్టుకుని మునిగి ఉండేవి. రెల్లు పొదల్లో పెద్దపులి కంటే పెద్ద పిల్లులు. ఎముకల్ని చెరుకు ముక్కల్లా నమిలే దుమ్ములగొండులు. ఇవన్నీ ఒకేచోటికి రావాల్సిందే, ఎందుకంటే ఎండాకాలం నీళ్ళుండేది ఇక్కడే. "మరి నీళ్ళెండిపోతే?" అని నేను అడిగాను. "ఏనుగు చెలమ తీస్తాది. ముందు కాలితో ఇసక తన్ని, తొండంతో తోడి, నీళ్ళూరేదాకా నిలబడతాది. అది తాగి పక్కకి పోయినాక మిగతావి దిగుతాయి. మనం కనిపెట్టినామనుకుంటాం గానీ, మనకంటే ముందు ఈ ఏట్లో చెలమ తీసింది అవే."

ఇంకో మాట కూడా చెప్పాడు, అది నన్ను ఇప్పటికీ వదల్లేదు. అంత ఏనుగుని పులి చంపలేదట, పల్లు చంపుతుందట. పల్లు అరిగితే వెనక నుంచి కొత్తది వస్తుంది, అదీ అరిగితే ఇంకొకటి, అన్నీ అయిపోయాక చివరిదొకటి. ఆ చివరిది కూడా అరిగి నున్నగా అయిపోయిన నాడు కడుపు నిండా ఆకలున్నా గడ్డి నమలలేదు. అప్పుడది మంద వదిలిపెట్టి, మెత్తటి గడ్డీ నీళ్ళూ ఉండే చోటు వెతుక్కుంటూ ఏటికి వస్తుంది. వచ్చి నిలబడుతుంది. దూరంగా ఇసుకలో పిల్లులు, దుమ్ములగొండులు కూర్చుంటాయి, తొందరేమీ లేదు వాటికి. ఒకరోజు దాని మోకాళ్ళు వంగుతాయి. ఇది విన్న తర్వాత నేను మధ్యాహ్నాలు ఏటి వైపు చూడడం తగ్గించాను. ఎండకి ఇసుక మీద గాలి వణుకుతుంటే, ఆ వణుకులో ఏదో పెద్దది కదలకుండా నిలబడి ఉన్నట్టే ఉండేది. రాజి అయితే చెవులు మూసుకుని, మళ్ళీ వేళ్ళ సందుల్లోంచి వినేది.

అయినా మా ఆటలన్నీ ఆ జంతువులతోనే. అచ్చనగండ్లూ తొక్కుడుబిళ్ళా పక్కన పెట్టి, ఒకరు ఏనుగు, ఇద్దరు పిల్లులు, మిగతావాళ్ళు నీళ్ళకొచ్చే ఎద్దులు. ఏనుగైన వాళ్ళు ఇసుకలో చేతులతో గుంట తవ్వి, తడి తగిలే దాకా లేవకూడదు. వెనక పిల్లులు ఎంత దగ్గరికొచ్చాయో చప్పుడు వినపడదు కాబట్టి వీపు మీద చెయ్యి పడేదాకా తెలియదు. నవ్వుకుంటూ మొదలెట్టి ఎవరో ఒకరు ఏడ్చి ఇంటికి పరిగెత్తే ఆట అది.

మామ పల్లు అడుగుతూనే ఉన్నాడు. కాలేజీలో అద్దాల బీరువాలో, సీసాలో పెట్టిన తాచుపాముకీ మొసలి పుర్రెకీ మధ్య దానికి చోటు చేసి ఉంచానన్నాడు. నాకు ఆ బీరువా కళ్ళముందు కట్టినట్టుండేది, మా ఇంటి పల్లు అద్దం వెనక కూర్చుంటే తిరుపతి పిల్లలంతా వరసగా నిలబడి చూడడం ఊహించుకుని పొంగిపోయేదాన్ని. చివరికి అది నిమ్మకాయంత అయిన ఏడు అవ్వే మెత్తబడింది. "ఇది పూర్తిగా పోతే ఊరికేం సెప్పేది? తీసుకోబ్బా. అయితే ఒక మాట, మళ్ళీ మన ఇంట్లో బిడ్డకి కావాల్సొస్తే మటుకు తేవాల" అని మాట తీసుకుని ఇచ్చింది. మామ దాన్ని దూదిలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయాడు.

ఆ తర్వాతి ఎండాకాలం అంత పాడుది నేను మళ్ళీ చూడలేదు. బావులు అడుగంటాయి. ఏట్లో చెలమలు లోతుకి పోతూ, పోతూ, మనిషి నిలువు దాటాయి. అంత లోతు చెలమని వెడల్పుగా తీస్తే ఇసుక జారిపోతుంది కాబట్టి సన్నగా తీస్తారు, సన్నటి దాంట్లోకి పెద్దవాళ్ళు దిగలేరు. అందుకని ప్రతి ఇంట్లోనూ అందరికంటే చిన్న పిల్లకి నడుముకి తాడు కట్టి దించేవాళ్ళు. ఆ పిల్ల అడుగున కూర్చుని, ఊరిన నీళ్ళు కొబ్బరిచిప్పతో చెంబులోకి తోడితే, పైన ఉన్నవాళ్ళు చెంబు లాక్కుని బిందెలో పోసుకోవాలి. మా ఇంట్లో చిన్నది రాజి. అప్పటికి బడిలో ఒకటో తరగతి.

తిరుపతిలో గంగమ్మ జాతర వారం అది. ముందు రోజు అవ్వ మమ్మల్ని తీసుకుపోయి, వేషాలేసినవాళ్ళని చూపించి, అంబలి తాగించి తెచ్చింది. ఒళ్ళంతా తెల్లసుద్ద పూసుకున్నవాళ్ళు, బొగ్గు పూసుకుని దాని మీద తెల్లచుక్కలు పెట్టుకున్నవాళ్ళు, నడుముకి వేపమండలు కట్టుకుని కనపడిన వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు, అంతా భక్తే. రాజి అవ్వ కొంగులో మొహం పెట్టుకుని వదల్లేదు. మరునాడు మధ్యాహ్నానికి ఇంట్లో చుక్క నీళ్ళు లేక, పక్కింటి కుప్పమ్మత్త, అమ్మ, నేను, రాజి ఏటికి పోయాం. కాళ్ళు కాలకుండా గోనెపట్టాలు కట్టుకున్నాం. ఒంపు తిరిగే చోట, అంతకు ముందు ఎవరూ తవ్వని తావులో, నాయన పొద్దున్నే కొత్త చెలమ తీసి పెట్టాడు.

రాజిని దించాం. పైనుంచి చూస్తే దాని రెండు జడల మధ్య పాపిట తప్ప ఇంకేమీ కనపడదు. చిప్ప ఇసుకని గీకే చప్పుడు, నీళ్ళు చెంబులో పడే చప్పుడు, అంత మధ్యాహ్నం పూట అంత పెద్ద ఏట్లో అవి రెండే చప్పుళ్ళు. రెండు చెంబులు పైకి లాగాం. మూడోది సగంలో ఉండగా లోపల మెత్తగా ఇసుక జారిన అలికిడి, తర్వాత ఏమీ లేదు. చిప్ప ఆగిపోయింది.

"రాజీ, ఏమైనాది మే?" అంది అమ్మ. పాపిట కదల్లేదు. "పలకవేం మే!" అని కుప్పమ్మత్త అరిచింది. పాపిట వెనక్కి జరిగి, జరిగి, అటు గోడకి అతుక్కుపోయింది. ముగ్గురం కలిసి తాడు లాగితే పిల్ల కట్టెలాగా బిగుసుకుపోయి పైకొచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు గట్టిగా మూసుకుని, కుడి చెంప మీద అరచెయ్యి అదుముకుని ఉంది. నాయన వచ్చి చూసేలోగా చెలమ గోడ ఇంకా జారి లోపలంతా పూడిపోయింది. ఇసుక తప్ప ఏమీ లేదు.

ఆ రోజు నుంచి రాజి మాట్లాడలేదు. ఏడవలేదు, జ్వరం లేదు, పెడితే తినేది, అదీ పెదవులు ఒకింత తెరిచి లోపలికి పీల్చుకోవడమే. అరచెయ్యి మాత్రం చెంప మీది నుంచి తీసేది కాదు. పంటి నొప్పేమోనని అమ్మ బలవంతాన నోరు తెరిచి చూసింది, పాలపళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. నోరు తెరిపించినందుకు మాత్రం గింజుకుని గింజుకుని అమ్మ చెయ్యి కొరికింది. వేషాలు చూసి జడుసుకుందని అమ్మ, వడదెబ్బ అని నాయన. తిరుపతిలో పెద్ద డాక్టరు గొంతూ చెవులూ చూసి, అన్నీ బాగానే ఉన్నాయని టానిక్ రాసిచ్చాడు. పగలంతా అది వాకిలి వైపు వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చునేది. పక్కన పడుకుంటే దాని గుండె కొట్టుకోవడం నా వీపుకి తెలిసేది. నాకు భయమేసింది. ఆ పిల్ల ఇక జన్మంతా ఇంతేనేమో అని ఇంట్లో అందరి మొహాల్లోనూ రాసి ఉంది, ఎవరూ పైకి అనేవారు కాదు.

"మునిరత్నాన్ని పల్లు తెమ్మని సెప్పు" అంది అవ్వ నాయనతో.

"చదువుకున్నోడు. ఇస్తాడా?" అన్నాడు నాయన.

కబురు అందిన రోజే మామ మధ్యాహ్నం బస్సుకి వచ్చాడు, చంకలో బిస్కెట్ల డబ్బాతో. అవ్వ సానరాయి కడిగి పెట్టి ఉంది. రాజిని ఎదురుగా కూర్చోబెట్టారు. మామ డబ్బా తెరిచి, దూది తీసి, పల్లు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అవ్వకి ఇవ్వబోయాడు. అవ్వ చెయ్యి చాపలేదు.

"నువ్వే అరగదీయాల. ఈ బిడ్డ చెవులు నీ ఒళ్ళోనే గదా కుట్టించినాం."

మామ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. "కొంచెం మిగిలిస్తే తప్పా అత్తా?" అన్నాడు చిన్నపిల్లాడిలాగా.

"బిడ్డ నోరు తెరిసేదాకా అరగదీయి. మిగిలితే నీది" అంది అవ్వ.

కాలేజీకి సెలవు పెట్టి మామ మా ఇంట్లోనే ఉండిపోయాడు. రోజూ నీడ కాళ్ళ కిందికొచ్చే వేళకి, పంచె ఎగ్గట్టి సాన ముందు కూర్చునేవాడు. గరగర, గరగర, ఆ వాసన. ఏనుగు గడ్డి నమిలినప్పుడు ఇట్లాగే అరిగి ఉంటుంది కదా, సగం అది అరగదీసుకుంది, మిగిలిన సగం మేము అరగదీస్తున్నాం అనుకుంటూ పక్కన కూర్చుని చూసేదాన్ని. ఒక్కొక్క సాలు చెరిగిపోతుంటే నా గుండె ఇటూ అటూ కొట్టుకునేది, రాజి మాట్లాడాలి, పల్లు మిగలాలి, రెండూ కావాలి నాకు. మామ మాత్రం ఒక్కరోజు కూడా చెయ్యి పొదుపు చెయ్యలేదు. రోజూ గంధం నాలుక మీద పెట్టేటప్పుడు రాజి నోరు తెరవకుండా పెనుగులాడేది, ముక్కు మూసి తాగించేవాళ్ళు. చింతగింజంత అయింది, తర్వాత కందిబేడంత, చివరి రోజు వేలికి అంటుకుని ఉందో లేదో తెలియనంత. పల్లు అయిపోయి వేలి చర్మం గీరుకుపోయి రాయి మీద ఎర్రగా కనపడేదాకా మామ ఆపలేదు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "చాల్లేన్నా" అంది.

మరునాడు మధ్యాహ్నం అందరం అన్నాల దగ్గర కూర్చుని ఉన్నాం. ఎవరి విస్తట్లోనూ చెయ్యి కదలడం లేదు. రాజి గోడ వైపు నుంచి తిరిగి, చెయ్యి చెంప మీదే ఉంచుకుని, బొంగురు గొంతుతో అడిగింది.

"మామా, అదంతా అయిపోయిందా?"

అమ్మ కేక పెట్టింది. మామ ఎంగిలి చేత్తోనే దాన్ని ఎత్తి గుండెకి హత్తుకుని, నవ్వుతూ, ఏడుస్తూ, "అంతా అయిపోయింది తల్లీ! ఇంగ యాడుండాది? నీ కడుపులోనే ఉండాది" అన్నాడు. రాజి ఒక్కసారిగా బావురుమంది, అన్ని రోజుల ఏడుపూ అప్పుడే ఏడ్చినట్టు ఏడ్చింది. నోరు తెరిచి ఏడుస్తోంది కదా, అదే చాలని మేమంతా సంబరపడ్డాం. అవ్వ గంగమ్మకి పొంగలి పెట్టింది. చెలమలో ఏం చూశావని ఎంత అడిగినా అది చెప్పలేదు, మళ్ళీ మూగదవుతుందేమోనని మేమూ అడగడం మానేశాం. మళ్ళీ ఏట్లో కాలు పెట్టలేదు. ఎప్పుడైనా ఏరు దాటాల్సొస్తే కళ్ళు గట్టిగా మూసుకుంటుంది, పెళ్ళయి ఐరాలకి కాపురానికి పోయిన తర్వాత కూడా అంతే.

మామ ఆ తర్వాత ప్రతి ఎండాకాలం ఏట్లో వెతికాడు. ఒక పల్లు దొరికిన చోట మిగతా జంతువు ఉండకుండా ఎట్లా పోతుంది అని ఆయన పట్టు. ఇనప చువ్వతో ఇసుకలో పొడుచుకుంటూ, గొడుగు వేసుకుని, మైలు పొడుగునా తిరిగేవాడు. పశువుల ఎముకలు, పెంకులు, ఒకసారి ఎవరిదో కాలి కడియం దొరికాయి. నేను ఆయన కాలేజీలోనే చదువుకున్నాను. అద్దాల బీరువాలో పాముకీ మొసలికీ మధ్య ఆ చోటు ఖాళీగానే ఉంచాడు, ఇంకేదైనా పెట్టండి సార్ అంటే వినేవాడు కాదు. అవ్వ పోయింది, ఆ తర్వాత చాలా ఏళ్ళకి మామ పోయాడు. బోర్లు వచ్చి చెలమలు పోయాయి, ఊటకాలువలు పూడిపోయాయి. తర్వాత లారీలొచ్చాయి. రాత్రీ పగలూ ఏరు ఎత్తుకుపోయాయి, తిరుపతిలో లేచిన మేడలన్నీ మా ఏరే. ఆ ఇసుకతోపాటు ఏవేవి పోయి ఏ గోడల్లో నిలబడి ఉన్నాయో ఎవరికీ తెలియదు. సానరాయి మాత్రం నా దగ్గరుంది, నడుమ గుంట పడి.

మొన్న పళ్ళ డాక్టరమ్మ పీకిన పల్లుని ట్రేలో పారేయబోతే, ఎందుకో నాకిమ్మని అడిగి దూదిలో చుట్టించుకున్నాను. ఇద్దరం ఆటోలో ఇంటికి బయల్దేరాం. మిట్టమధ్యాహ్నం. దవడలో దూది కరుచుకుని, చెంప మీద అరచెయ్యి అదుముకుని కూర్చున్నాను. మా ఊరి ముందు ఏటి మీద పాత కాజ్‌వే ఉంది, ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తులో కట్టిన దారి. దాని మీదికి ఎక్కగానే అలవాటు ప్రకారం రాజి కళ్ళు మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు. నా చేతినే చూస్తోంది.

"దానికి ఒక పక్క పల్లు లేదక్కా" అంది.

నోట్లో దూదితో, దేనికని చేత్తో సైగ చేశాను.

"చెలమలో. ఇసక జారినాక తలకాయ కనబడింది, ఆ గోడంతా తలకాయే. నోరు తెరుసుకోని ఉండాది. ఒక పక్క మన గూట్లో పల్లే, అట్లే సాళ్ళు సాళ్ళుగా. ఈ పక్క వట్టి గుంత." తన కుడి చెంప తాకి చూపించింది. "దాని పల్లు మనమే గదా తాగినాం. నేను నోరు తెరిస్తే, నా నోట్లో సూసి కనుక్కుంటాదనుకున్నా."

మామ గొడుగు వేసుకుని ఎండలో తిరగడం కళ్ళముందు ఆడింది.

"మరి అయిపోయిందా అని అడిగినావే" అన్నాను దూది పక్కకి తోసి.

"కొంచెమన్నా మిగిలుంటే ఎత్తకపోయి దానికిచ్చేద్దామని అడిగినా. మామ నవ్వినాడు. నీ కడుపులోనే ఉండాదన్నాడు" అంది రాజి. యాభై దాటిన మనిషి, మనవడిని ఎత్తుకునే మనిషి, గొంతు మాత్రం ఆ రోజుదే.

కాజ్‌వే నడుమ ఆటో ఆపమంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. నా చేతిలోంచి దూది పొట్లం తీసుకుని దిగి, అంచు దాకా నడిచింది. జీవితంలో మొదటిసారి ఆ ఏటిని కళ్ళు విప్పి చూసింది. ఇసుక లేదు. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా బయటపడిన నల్లబండ, సందుల్లో మురుగు, కంపచెట్లు. రాజి దూది విప్పి, నా పల్లుని చేతిలోకి తీసుకుని, కిందికి వదిలేసింది.

టక్కుమని చప్పుడైంది. ఆటోలో కూర్చున్న నాకు కూడా వినపడింది.